ముందు చెవి, తర్వాత సూది

సిద్దమ్మ పాత చీరముక్క మూటను పశువుల టీకాల క్యాంపు బల్ల మీద పెట్టి ముడి విప్పింది. అందులో ఎద్దు చెవి ఉంది.

కుడి చెవి. కొసకు రెండు వేళ్ల కింద, అంచున మూడు మూలల గాటు. గాటు ఎప్పుడో మానిపోయి, చుట్టూ బూడిదరంగు వెంట్రుక కూడా మొలిచింది. టీకా జట్టులో చెవులు కోసే బద్రుద్దీన్ దాన్ని రెండోసారి చూడనక్కర్లేదు. ఎవరి చేతిపని వాళ్లకు తెలియదా? మెదక్ తాలూకా మొత్తంలో అంత సూటిగా పశువు చెవి కోసే చెయ్యి మరొకటి లేదని వెనకటి డాక్టరు పదిమందిలో అన్నాడు. ఆ మాటను బద్రుద్దీన్ ఇప్పటికీ మరిచిపోలేదు. మనకు దొరికే మెచ్చుకోళ్లే తక్కువ, దొరికినవాటిని ఎవరు పారేసుకుంటారు?

డాక్టర్ ప్రకాశం కుర్చీ వెనక్కి నెట్టుకుని లేచాడు. ఎక్కడిదని అడిగాడు. నిజాంపేట దాటిన గుండ్లకుంట నుంచి తెచ్చానని సిద్దమ్మ చెప్పింది. యాభై ఏళ్ల మనిషి, తెల్లవారకముందే బయల్దేరి బస్సు పట్టుకుని వచ్చింది. కాళ్లకు బురద ఎండిపోయి ఉంది.

"మా మైలెద్దు నిన్న పొద్దుగూకంగ పోయింది సారూ. అయిదు దినాలు కండ్లెంబడి నీళ్లు, నోట్లె పుండ్లు, వెనకెంబడి నెత్తురు. ఊర్లె ఇంకో నాలుగు పోయినయ్. పెద్దరోగమే అంటున్నరు. మరి చెవికి మీ గుర్తు ఉన్నది గద, ఎట్ల పోయింది? మీరు నమ్మరని చెవి కోయించుకొని తెచ్చిన."

ప్రకాశానికి ఆమె ప్రశ్న సగమే చెవికెక్కింది. ఊళ్లకు ఊళ్లే అంటుకునే పెద్దరోగంతో చచ్చిన పశువు చెవి నిజాంపేట బస్సులో కూర్చుని, మెదక్ బజారు గుండా నడిచి, ఆజంపురలో కిరాయికి తీసుకున్న ఈ పెంకుటింటి దాకా వచ్చిందన్న సంగతే ఆయనకు కనిపిస్తోంది. రూలు ప్రకారం వెంటనే కాల్చెయ్యాలన్నాడు. ఆ మాట తప్పు కాదు. బద్రుద్దీన్ మూటను చిమటాతో పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయాడు. నాలుగు పిడకలు పేర్చి, కిరసనాయిలు చల్లి, అగ్గిపుల్ల గీశాడు.

వెంట్రుక కాలిన వాసన పెరడంతా నిండింది. సిద్దమ్మ వెనకనే వచ్చి నిలబడింది. ఇరవై మైళ్లు మోసుకొచ్చిన సాక్ష్యం ముడుచుకుపోయి బూడిదవుతుంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చూసింది. మంటను చూస్తూనే అంది:

"సాయిబూ, ఆనాడు నువ్వు చెవి కోసి, సూది రేపొద్దుగాల ఏస్తమన్నవు. నేను రెండెడ్లను కట్టేసుకొని పొద్దుగూకెదాక కూసున్న. గా రేపు రానే రాలే."

బద్రుద్దీన్ పుల్లతో నిప్పును ఎగదోశాడు. అంతకంటే చేసే పని అక్కడేమీ లేదు.

ముందు చెవి, తర్వాత సూది అన్న పద్ధతి అతను పెట్టిందే. మొదట్లో సూది ముందు వేసేవాళ్లు. సూది గుచ్చుకోగానే పశువు వెదురు బొంగులు పాతి కట్టిన సందులోంచి దూకి పోయేది, దాని వెనక ఆసామి. చెవి గాటు లేకపోతే టీకా పడ్డట్టు లెక్క కాదు. పై అధికారులు గాట్లు లెక్కబెట్టి పోతారు. అందుకని పశువులు వరసలో నిలబడి ఉండగానే తను బయట చెవులు కోసుకుంటూ పోతానని, డాక్టరు లోపల సూది వేసుకుంటూ రావచ్చని బద్రుద్దీన్ చెప్పాడు. పని రెండింతలు జోరందుకుంది. వెనకటి డాక్టరు అప్పుడే మెచ్చుకున్నాడు.

శివరాత్రికి మూడు రోజుల ముందు గుండ్లకుంట బందెలదొడ్డి దగ్గర కూడా అదే పద్ధతి. ఐసు, మందు హైదరాబాద్ నుంచి రావాలి. చేగుంట దగ్గర బస్సు చెడిపోయి పెట్టె ఎండలో ఉండిపోయింది. అది వచ్చేలోపు ఊరికే కూర్చోవడం ఎందుకని బద్రుద్దీన్ చెవులు కోస్తూనే ఉన్నాడు. నూట అరవై మూడో చెవి దగ్గర ఉండగా పెట్టె వచ్చింది. ప్రకాశం ఫ్లాస్కు మూత తీసి చెయ్యి పెడితే నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. మేక ప్లీహం నుంచి తీసి ఎండబెట్టిన మందు అది, వేడి తగిలితే అందులో ప్రాణం ఉండదు. ఆయన ఒక్క పశువుకు కూడా దాన్ని ఎక్కించలేదు. గుంట తీయించి పారబోశాడు. నిజాయితీపరుడే. మర్నాడు మళ్లీ వద్దామన్నాడు కూడా.

మర్నాటికి ఏడుపాయల జాతరకు పొమ్మని టెలిగ్రాం తారు వచ్చింది. జాతరకు వచ్చే బండ్ల ఎడ్లన్నింటికీ టీకాలు వెయ్యాలి. జాతర అయ్యాక వేరే తాలూకా, ఆ తర్వాత ఇంకొకటి. రిజిస్టరులో గుండ్లకుంట ఎదురుగా నూట అరవై మూడు గాట్లున్నాయి గనుక ఆ ఊరు అయిపోయింది. ఊళ్లో చాలామందికి చెవి కోయడమే టీకా. వాళ్లు ఆ రోజే సంతోషంగా పశువులను తోలుకుపోయారు. రేపటి కోసం కూర్చున్నది సిద్దమ్మ ఒక్కతే.

చెవి కాల్చిన రోజంతా ఆమె క్యాంపు వరండా వదల్లేదు. ఇంట్లో జత ఎద్దు ఎర్రది ఉందని, దాని చెవికీ గుర్తు ఉందని, దానికైనా సూది వెయ్యమని వచ్చిన ప్రతివాణ్నీ అడిగింది. జీపు డ్రైవర్‌ను కూడా అడిగింది. మృగశిర వచ్చింది, చినుకు పడింది, కాడికి ఒక్క ఎద్దే మిగిలింది. జత ఎద్దును ఎవరినైనా అడుక్కోవచ్చు గాని, రెండూ పోతే అడుక్కోవడానికి కూడా మొహం ఉండదు. కోడలు బాలమణి ఎర్రదాన్ని పాకలో వేరుగా కట్టి కాపలా కాస్తోందట.

చెవి తెగిన పశువుకు రెండోసారి సూది లేదు. అదీ రూలే. ఒకసారి పడితే జన్మంతా చాలు, మందు వృథా చెయ్యకూడదు. ఆ రూలును చదివి వినిపించడానికి ప్రకాశానికి నోరు రాలేదు కాబోలు, బద్రుద్దీన్‌ను చెప్పమన్నాడు. బద్రుద్దీన్ చెప్పాడు. సిద్దమ్మ విని, "మరి పడలే గద సాయిబూ" అంది. దానికి ఏ రూలూ లేదు.

సాయంత్రం ఇంటికెళ్లాక అతనికి అన్నం సయించలేదు. భార్య తాజ్ బీ ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాడు. ఇంకో ఏడాదిన్నరలో నౌకరీ అయిపోతుంది. ఇన్నేళ్లలో ఒక్క మెమో లేదు. చేతకానివాణ్ని అనిపించుకోకుండా బయటపడితే చాలు అనుకునే వయసు అది.

రెండో రోజు పొద్దున ప్రకాశం అతన్ని లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది. గుండ్లకుంట పశువుల చెవులకు ఉన్న గాట్లు టీకా జట్టు వేసినవి కావని, సూదికి భయపడి గ్రామస్తులే చెప్పులు కుట్టే కత్తితో కోసుకున్నారని, జట్టు వాడే పట్కారు గాటుకూ ఈ గాటుకూ తేడా ఉందని అందులో రాసి ఉంది. కింద సాక్షిగా బద్రుద్దీన్ పేరు. అలా కోసుకున్న ఊళ్లు నిజంగానే రెండు మూడు ఉన్నాయి, అబద్ధం అతకడానికి ఆ మాత్రం చాలు.

ప్రకాశం చెడ్డవాడైతే ఈ కథ సులువుగా ఉండేది. మూడు తాలూకాలకు ఒక్క డాక్టరు. జీపుకు నాలుగు చక్రాల్లో రెండు అరిగిపోయాయి. భార్య పురుడు కోసం గుంటూరు వెళ్లి రెండు నెలలైంది, పుట్టిన పిల్లను ఆయన ఇంకా చూడలేదు. కళ్ల కింద నల్లటి గుంటలు పడ్డాయి.

"ఇది రాయకపోతే తప్పంతా మందు మీదకు పోతుంది, బద్రుద్దీన్. ఆ బ్యాచి మందు ఇంకా చాలా జిల్లాల్లో వేస్తున్నారు. పనికిరాదని ఆపేస్తే అక్కడి పశువుల గతి ఏమిటి? లేదా తప్పు మనిద్దరి మీదకు వస్తుంది. మీరే చెప్పండి, వేరే దారి ఉందా?"

ఉంది. ఇద్దరికీ తెలుసు. బద్రుద్దీన్ కాగితాన్ని తిప్పి చూసి, కలం పట్టుకుని, మళ్లీ పెట్టేశాడు.

"రేపు చేస్త సార్" అన్నాడు.

బయటికొచ్చాక తన నోట వచ్చిన మాటేమిటో అతనికే తెలిసింది. వరండాలో సిద్దమ్మ సద్దిమూట విప్పుకుని జొన్నరొట్టె తుంచుతోంది. అతన్ని చూసి కాస్త పక్కకు జరిగింది. తిట్టినా బాగుండుననిపించింది. చర్చి శిఖరం మీదుగా మబ్బు కదులుతోంది, గంట కొట్టారు. అతను చెవులు కోసే పట్కారు తీసి నూనె రాస్తూ కూర్చున్నాడు. నూనె రాయాల్సిన అవసరం దానికి లేదు.

మూడో రోజు హైదరాబాద్ నుంచి పరిశోధనాధికారి వచ్చాడు. పేరు గాబ్రియేలు. మెదక్‌వాడే, చర్చి కాంపౌండులో పుట్టి పెరిగి, పెద్ద చదువులు చదివి టీకా మందులు తయారుచేసే చోట పనిచేస్తున్నాడు. చెవి తెగిన పశువులు చచ్చాయని ప్రకాశం పంపిన తారు ఆయనకు నిద్ర లేకుండా చేసింది. మందు బలం తగ్గిందా? రోగమే మారిందా? ఏదైనా సరే కనుక్కోకుండా బ్యాచిని వాడనివ్వనని పైవాళ్లకు చెప్పి వచ్చాడు. వరండాలో సిద్దమ్మను చూసి, ఏ ఊరని అడిగి, జీపులో ఎక్కించుకున్నాడు. వెనకసీట్లో ఆమె పక్కన బద్రుద్దీన్. దారి పొడుగునా ఇద్దరూ చెరొక పక్క చేలను చూస్తూ కూర్చున్నారు. అప్పటికే కొందరు అరకలు కట్టారు.

గుండ్లకుంటలో మరో మూడు పశువులు పోయాయి. గాబ్రియేలు మిగిలినవాటి చెవులు ఒక్కొక్కటే పట్టుకుని చూశాడు. ప్రకాశం రాసిన కాగితం, సాక్షి సంతకం ఇంకా పడనిదే, అప్పటికే చదివాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎర్రదాని దగ్గరికి వచ్చి థర్మామీటరు పెట్టి చూసి, జ్వరం లేదన్నాడు. సిద్దమ్మ మొదటిసారి గట్టిగా ఊపిరి వదిలింది.

తర్వాత రక్తం తీయడం మొదలైంది. ఆ పనిలో బద్రుద్దీన్‌కు సాటి లేదు. ఎడమ మోచెయ్యి పశువు మెడకు ఆనించి, బొటనవేలితో గాడిలో నొక్కితే నరం తాడులా ఉబ్బుతుంది. పశువు ముక్కును ఆసామి పట్టుకుంటాడు, బద్రుద్దీన్ నోట ఏదో బుజ్జగింపు. సూది దిగినట్టు దానికి తెలియనే తెలియదు. పదో గొట్టం నిండాక అతను అడిగాడు:

"సార్, ఈ నెత్తురు ఏం చెప్తది?"

దీనికి టీకా పడిందో లేదో, పడితే పట్టిందో లేదో చెబుతుందని గాబ్రియేలు ఓపికగా వివరించాడు. హైదరాబాద్ తీసుకుపోయి పరీక్ష చెయ్యాలి. పన్నెండు రోజులు పడుతుంది. అప్పటిదాకా ఏ నిర్ణయమూ తీసుకోలేనన్నాడు.

బద్రుద్దీన్ చేతిలోని గొట్టాన్ని స్టాండులో పెట్టాడు. దూరంగా బందెలదొడ్డి గోడ మీద ప్రకాశం కూర్చుని రిజిస్టరులో ఏదో రాసుకుంటున్నాడు. ఇవతల బొంగుల సందు వెదుళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి, శివరాత్రి ముందు పాతినవి.

"పన్నెండు దినాలల్ల సగం ఊరు ఖాళీ అయితది సార్" అన్నాడు. "గా నెత్తురును అడిగేది నన్ను అడుగుండ్రి."

గాబ్రియేలు కళ్లద్దాలు తీశాడు.

"నూట అరవై మూడు. అన్ని చెవులూ నా చేతివే. ఒక్కదానికి సూది పడలే."

ఆ తర్వాత చెప్పాల్సింది పెద్దగా లేదు. బస్సు, ఐసు, గుంటలో పోసిన మందు, జాతర. చెప్తున్నంతసేపూ బద్రుద్దీన్ ఆవు మెడ మీద చెయ్యి తియ్యలేదు. గాబ్రియేలుకు కోపం రావాలి, వచ్చింది కూడా. దానికంటే ముందు మందు బలం తగ్గలేదన్న ఊరట ఆయన మొహంలో కనిపించింది. అది చూసి బద్రుద్దీన్‌కు ఇంకా కష్టమనిపించింది. తన ఒక్క మాట కోసం ఎన్ని జిల్లాలు ఆగి ఉన్నాయో అప్పుడు అర్థమైంది.

రాసిస్తారా అని అడిగాడు గాబ్రియేలు. తెలుగు చదువుతాను గాని రాయడం రాదని, ఉర్దూలో రాస్తానని బద్రుద్దీన్ అన్నాడు. మిషన్ బడిలో తనూ ఉర్దూ చదివినవాణ్నేనని, అలాగే రాయమని ఆయన కాగితం ఇచ్చాడు. జీపు ముందు మూత మీద కాగితం పరుచుకుని బద్రుద్దీన్ కుడి నుంచి ఎడమకు నిదానంగా రాశాడు. ప్రకాశం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆ లిపిలో ఆయనకు ఒక్క అక్షరం రాదు. అయినా మొత్తం చదివినట్టే ఆయన మొహం పాలిపోయింది. కాసేపటికి తన కాగితం వెనక్కి ఇవ్వమని గాబ్రియేలును అడిగి, తీసుకుని, నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు. బద్రుద్దీన్‌తో పోట్లాడే ఓపిక కూడా మిగల్లేదు కాబోలు.

అదే సాయంత్రం మందుకు, ఐసుకు తారు వెళ్లింది. నాలుగో రోజంతా ఎదురుచూడటంతో సరిపోయింది. విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దని బద్రుద్దీన్‌కు రాతపూర్వకంగా ఇచ్చారు. పట్కారు, కత్తెర, ఏప్రాన్ అప్పగించి దస్తకత్ పెట్టాడు. తాజ్ బీ అంతా విని, "చెప్పేది చెప్పేసినవ్, ఇగ జర తిను" అంది. ఆ పూట అతను తిన్నాడు.

అయిదో రోజు పొద్దున ఎవరూ రమ్మనకపోయినా బస్సెక్కి గుండ్లకుంట వెళ్లాడు. అప్పటికే జీపు వచ్చి ఉంది. గాబ్రియేలు ఈసారి పెట్టెను బస్సుకు వదలకుండా మనిషిని పంపి తెప్పించాడు. రంపపు పొట్టులో ఐసుగడ్డలు చెక్కుచెదరలేదు. అంతా సిద్ధంగా ఉంది, పశువులే లేవు. ఊరంతా తిరిగితే ఏడు వచ్చాయి. మిగిలినవాళ్లు తలుపులు వేసుకున్నారు. ఒకసారి చెవి కోసి పోయారు, ఇప్పుడు రెండో చెవికి వచ్చారు, అది కోసీ పోతారు. వాళ్ల లెక్కలో తప్పేముంది?

వచ్చిన ఏడింటిలో మొదట నిలబడింది సిద్దమ్మ ఎర్రది. పగ్గం గట్టిగా పట్టుకుని, మనిషి నిటారుగా నిలబడి ఉంది. గాబ్రియేలు థర్మామీటరు పెట్టాడు. తీసి చూశాడు. గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టాడు. ఎద్దు కళ్ల కింద తడి చార రెండు వైపులా సన్నగా దిగి ఉంది.

"అమ్మా, రోగం పట్టేసింది. ఇప్పుడు సూది ఏస్తే ఏం పనిచెయ్యది. దూరంగ కట్టెయ్యుండ్రి" అన్నాడు.

సిద్దమ్మ కదల్లేదు. వెనక నిలబడ్డవాళ్లు తమ పశువులను రెండడుగులు వెనక్కి లాక్కున్నారు. ఆమె చూపు తిరిగి తిరిగి బద్రుద్దీన్ దగ్గర ఆగింది.

"సాయిబూ, నేను చెవి పట్టుకొని వచ్చిన్నాడే నువ్వు నోరు తెరిస్తే, ఇది బతుకుతుండెనా?"

తప్పించుకునే మాటలు అతనికి చాలా తోచాయి. దేవుడి దయ అనొచ్చు. ఎవరికి తెలుసు అనొచ్చు. ఆనాడే చెప్పి ఉంటే మూడో రోజుకు మందు వచ్చేది. మూడో రోజు దీనికి జ్వరం లేదు. ఆ థర్మామీటరు అతని కళ్ల ముందే ఉంది.

"బతుకుతుండె" అన్నాడు.

సిద్దమ్మ బద్రుద్దీన్ మొహంలోకి చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా పడడానికే వచ్చాడు. ఆమె పగ్గం చేతికి రెండు మెలికలు తిప్పి ఉంది, వాటిని ఒక్కొక్కటే విప్పింది. పగ్గం అతని చేతిలో పెట్టింది.

"పట్టుకో. గా చింత కింద కట్టెయ్యి. వేరే కుండల నీళ్లు పెట్టు, అందరి తొట్టిల వద్దు."

కొంగు నడుముకు దోపుకుని వీధిలోకి నడిచింది. మొదటి ఇంటి తలుపు అరచేత్తో కొట్టడం వినిపించింది. తర్వాత రెండో ఇల్లు.

"ఇయ్యాల సూది ఉన్నది. ఐసు నేను ముట్టి చూసిన. తోలుకరాండ్రి. నాది పోతున్నది, మీదన్న ఉండనియ్యుండ్రి."

ఆమె మాట మీద ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత ఇంకొకటి. మధ్యాహ్నానికి బందెలదొడ్డి నిండి, వరస బయట బాట దాకా సాగింది. సిద్దమ్మ బొంగుల సందు మొన దగ్గర నిలబడింది. బద్రుద్దీన్ బదులు వచ్చిన నర్సింగం అలవాటు చొప్పున పట్కారు తీసుకుని వరసలోకి పోబోతే, ఆమె చెయ్యి అడ్డం పెట్టి, ముందు సూది అంది. అతను డాక్టరు వైపు చూశాడు. ప్రకాశం సిరంజి నింపుతూ తల ఊపాడు.

బద్రుద్దీన్ చింతచెట్టు కింద ఎర్రదాని పక్కన కూర్చున్నాడు. దాని ముట్టె అతని మణికట్టుకు తగిలి కాలుతోంది. కుండలో నీళ్లు పెడితే వాసన చూసి వదిలేసింది. అరచేతిలో పోసి పెదవులు తడిపాడు. అక్కడి నుంచి బొంగుల సందు కనిపించదు, సిద్దమ్మ గొంతు మాత్రం వినిపిస్తోంది. ఒక్కో పశువు దాటినప్పుడల్లా ఆమె బయట ఉన్నవాళ్లకు వినపడేలా చెప్తోంది.

"సూది పడ్డది. ఇగ చెవి కొయ్యి."

అతను ఆ మాటలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. వరస అయిపోయేసరికి పొద్దు వాలింది. ఆ నూట అరవై మూడింటిలో నూట నలభై ఎనిమిది వచ్చాయి.